పింఛను గడపకు వచ్చింది, ఊరే దూరమైంది

వృద్ధులు బతకడానికి శ్రీకాకుళం జిల్లా గ్రామాలు ఏ మేరకు అనువుగా ఉన్నవి?

శ్రీకాకుళం: కేంద్ర ప్రభుత్వం 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను పథకాన్ని ప్రారంభించినపుడు దాని విలువ నెలకు 75 రూపాయలు. రాష్ట్రంలో ఆ మొత్తం 2014లో 200 నుంచి 1,000కి, 2019 జనవరిలో 2,000కి, ఆ తరువాత అంచెలంచెలుగా 3,000కి, 2024లో 4,000 రూపాయలకు పెరిగింది. సచివాలయ సిబ్బంది ఇంటికే వచ్చి ఆ డబ్బు చేతిలో పెడుతున్నారు. జిల్లాలో ముసలివారికి ఇంతకన్న పెద్ద ఆసరా మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు. ఒకప్పుడు కోడలి చేతివంక చూసిన అత్తగారికి ఇప్పుడు మందులకు, వక్కాకుకు, మనుమడి బిస్కెట్లకు సొంత డబ్బు ఉన్నది. ఇంట్లో ఆమె మాటకు కొంత విలువ కూడా వచ్చింది.

అయితే పింఛను ఇచ్చే రోజు ఒక్కటే. నెలలో మిగిలిన రోజుల సంగతి ఏమిటన్నదే ప్రశ్న. ఆ నాలుగు వేలు పట్టుకుని మందుబిళ్లలు కొనుక్కోవడానికి ఆమె మండల కేంద్రానికి వెళ్లగలదా? రాత్రి పూట పెరట్లోని మరుగుదొడ్డికి పడిపోకుండా వెళ్లి రాగలదా? రోజులో ఒక్కసారైనా ఎవరితోనైనా నాలుగు మాటలు ఆడగలదా? డబ్బు గడపకు చేరింది గాని ఊరిలోని మిగతా సౌకర్యాలన్నీ ముసలివారికి ఏటికేడాది దూరమవుతున్నవి. ఈ దూరాన్ని కొలిచే పని ఇంతవరకు ఏ పంచాయతీకీ ముఖ్యమైన పనిగా తోచకపోవడం శోచనీయం.

పడుచువారు వలసలో, పెద్దవారు ఊళ్లో

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్ల 38 లక్షల మంది. అంటే జనాభాలో 8.6 శాతం. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో ఈ శాతం దేశ సగటుకన్న ఎక్కువ. ఆ తరువాత కాన్పులు మరింత తగ్గాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో ఒక్కొక్క స్త్రీకి కలిగే సంతానం సగటున 1.7గా తేలింది. జనాభా తగ్గకుండా నిలవాలంటే ఇది 2.1 ఉండాలి. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికలలో పోటీ చేయరాదన్న నిబంధనను శాసనసభ 2024 నవంబరులో ఎత్తివేయడానికి కారణం ఇదే. ఊళ్లో ఉయ్యాలలు తగ్గుతున్నవి, చేతికర్రలు పెరుగుతున్నవి.

శ్రీకాకుళం జిల్లాకు దీనికి తోడు వలస ఒకటి ఉన్నది. మగవారు భవన నిర్మాణ పనులకు చెన్నై, హైదరాబాదు, విశాఖపట్నం వెళ్లడం, తీరప్రాంత మత్స్యకారులు గుజరాత్ లోని వేరావల్ రేవుకు బోటు పనికి వెళ్లడం తరాలుగా సాగుతున్నది. 2018 చివరలో గుజరాత్ తీరంలో పాకిస్తాన్ అదుపులోకి వెళ్లి, 2020 జనవరిలో విడుదలైన మత్స్యకారులలో ఈ జిల్లావారు ఉన్న సంగతి విదితమే. మొదట మగవాడు ఒక్కడే వెళ్లేవాడు. ఇప్పుడు భార్యాపిల్లలను కూడా వెంట తీసుకుపోతున్నాడు. ఇంటి తాళం, పశువు, అరెకరం జీడితోట, కులదేవత మొక్కు ఇవన్నీ తల్లిదండ్రుల పాలబడుతున్నవి.

ఉద్దానంలో పరిస్థితి మరింత క్లిష్టం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో మూత్రపిండాల వ్యాధి పనిచేసే వయసులోని మగవారిని మంచాన పడవేస్తున్నది. డయాలసిస్ చేయించుకునే కొడుకును వారంలో రెండు మూడు సార్లు కవిటికో, సోంపేటకో, పలాసకో వెంట తీసుకువెళ్లే బాధ్యత అరవై ఏళ్లు దాటిన తండ్రి నెత్తిన పడుతున్నది. కొడుకు తనను సాకుతాడనుకున్న వయసులో ఆయనే కొడుకును సాకవలసి వస్తున్నది. డయాలసిస్ రోగులకు 2019 నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి మంచినీటి పథకం వచ్చాయి. వీటివల్ల భారం తేలికైనప్పటికీ ముసలి భుజాల మీది నుంచి పూర్తిగా దిగలేదు.

కొలత ఏది?

ఒక ఊరు ముసలివారికి నివాసయోగ్యమా కాదా అని తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఒక మార్గదర్శినిని ప్రకటించింది. 33 నగరాలలోని వృద్ధులను స్వయంగా అడిగి తెలుసుకుని దానిని తయారు చేశారు. వీధులు-భవనాలు, రవాణా, ఇల్లు, నలుగురితో కలయిక, గౌరవం, ఊరి వ్యవహారాలలో పాత్ర-పని, సమాచారం, వైద్యం-ఆదరణ అని ఎనిమిది అంశాలను అందులో పేర్కొన్నారు. అది నగరాల కోసం రాసినదే అయినా గ్రామానికి అన్వయించుకోవడం కష్టం కాదు.

అందుకు పెద్ద పెద్ద పట్టికలు అక్కరలేదు. డెబ్బై ఏళ్ల వితంతువు ఒకరిని ఊహించుకుంటే చాలు. మోకాళ్ల నొప్పులు, మసక చూపు, పిల్లలు చెన్నైలో. ఆమె తెల్లవారి లేచింది మొదలు రాత్రి నడుము వాల్చేవరకు ఏయే పనులు ఒకరిని బతిమాలకుండా చేసుకోగలదు, ఏయే పనులకు ఇంకొకరి కాళ్లు పట్టుకోవాలి అని లెక్క వేస్తే ఆ ఊరి మార్కులు వాటంతట అవే తేలుతాయి. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లికి, కాలు విరిగిన కూలీకి, వికలాంగులకు కూడా అదే కొలత సరిపోతుంది. ముసలామె నడవగలిగిన వీధిలో అందరూ నడవగలరు.

పెరటి నుంచి వీధి దాకా

మొదటి పరీక్ష మరుగుదొడ్డి. 2014 అక్టోబరు 2న ప్రారంభమైన స్వచ్ఛభారత్ కింద 12,000 రూపాయల ప్రోత్సాహకంతో గ్రామాలలో ఇంటింటా మరుగుదొడ్లు లేచాయి. ఆరుబయటకు పోయే అవమానం ఆడవారికి తప్పింది. అయితే వాటిలో ఎక్కువ భాగం గొంతు కూర్చుని లేచే రకమే. ఎత్తు మెట్టు, ఇరుకు గది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మోకాళ్లు అరిగినవారు కూర్చుంటే లేవలేరు. ఆ భయంతో పెందలాడే తినడం మానివేసి, నీళ్లు తాగడం తగ్గించి, లేని జబ్బులు తెచ్చుకునేవారు ఉన్నారు. గోడకు అడ్డంగా ఒక ఇనుప గొట్టం బిగిస్తే, మెట్టును సగానికి తగ్గిస్తే, పెరట్లో ఒక దీపం పెడితే సగం భయం పోతుంది. తాపీమేస్త్రీకి ఇది ఒక పూట పని. వృద్ధాప్యంలో జారిపడి తుంటి ఎముక విరిగితే తిరిగి లేచి నడిచేవారు తక్కువ అన్న సంగతి అందరికీ తెలిసినదే.

రెండవది నీరు. 2019లో ప్రారంభమైన జలజీవన్ పథకం తలకు రోజుకు 55 లీటర్ల నీరు ఇంటి కుళాయికే అందించాలని నిర్దేశించింది. కుళాయి గడపలో ఉండి నీరు వేళకు వస్తే ముసలివారికి అంతకన్న కావలసినది లేదు. వేళ తప్పి వస్తే మాత్రం చిక్కే. బోరింగు కొట్టలేరు, బిందె ఎత్తలేరు. ఎప్పుడు వస్తుందో తెలియని నీటికోసం కాచుకుని కూర్చోలేరు. నీరు వదిలే వేళను నిర్ణయించి దానికి కట్టుబడి ఉండడం పంచాయతీకి ఖర్చులేని సేవ.

మూడవది వీధి. ఈ జిల్లా పాత గ్రామాలలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని వరుసగా ఉంటాయి. వరుస పొడుగునా వీధి అరుగులు ఉండేవి. ముసలివారికి పగటి కాలక్షేపం, చలికాలం ఎండ, ఊరి కబుర్లు అన్నీ అక్కడే. కొత్త డాబాలు లేచినపుడు అరుగులు పోయాయి. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసిన చోట వీధి మట్టం పెరిగి గడప పల్లమైంది. గడపకు, రోడ్డుకు మధ్య మూతలేని కాలువ వచ్చింది. ఒక బండరాయి అడ్డంగా వేసుకుని పడుచువారు దాటిపోతారు. చూపు ఆననివారికి అదే యమకింకర కాలువ. కోట్ల విలువైన రోడ్లు వేసిన ఊళ్లో కాలువపై పలకలు లేక ముసలామె గడప దాటకపోతే ఆ రోడ్డు ఆమె పాలిటికి లేనట్టే.

బస్సు ఉచితం, ఎక్కడమే కష్టం

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు మొదలు ఎక్స్ ప్రెస్ వరకు ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితమైంది. అరవై దాటిన పురుషులకు చార్జీలో నాలుగోవంతు రాయితీ అంతకు ముందు నుంచే ఉన్నది. ఈ సదుపాయాన్ని అందుకోవాలంటే ముందు బస్సు ఊరికి రావాలి. బస్సు రాని ఊళ్లలో ముసలివారు ఆటోకు డబ్బు పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చి అక్కడ ఉచిత బస్సు ఎక్కవలసి ఉన్నది. ఆ రోడ్డు మీద నీడ ఉండదు, కూర్చోవడానికి బల్ల ఉండదు. వచ్చిన బస్సు మెట్టు మోకాలి కన్న ఎత్తు. జనం తోసుకుని ఎక్కుతుంటే వెనుకబడ్డవారిని చూసి డ్రైవరు ఆగితే అదృష్టం.

బస్సు స్టాపు దగ్గర మెట్టు ఎత్తులో ఒక గట్టు కట్టి, పైన రేకు, కింద బల్ల వేయించడం పంచాయతీ చేతిలోని పనే. దాతల పేరిట రామమందిరాలకు గోపురాలు కడుతున్న గ్రామాలలో ఇందుకు దాతలు దొరకరనుకోవడానికి వీలులేదు.

రేషను విషయంలో 2021 జనవరి నుంచి బండ్లు వీధుల్లోకి వచ్చేవి. 2025 జూన్ 1 నుంచి తిరిగి చౌకధరల దుకాణాలకు పంపిణీ మారింది. అయితే 65 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు సరుకు ఇంటికే చేర్చాలని అప్పుడే ప్రభుత్వం నిర్ణయించింది. ఈ సదుపాయం తమకు ఉన్నదని తెలియక సంచి పట్టుకుని వరుసలో నిలబడేవారికి ఆ మాట చెప్పవలసిన బాధ్యత డీలరుది, గ్రామ పెద్దలది. చేను పనిలో, జీడి పిక్కలు కొట్టడంలో వేళ్లు అరిగి వేలిముద్ర పడనివారికి కంటి పాప ద్వారా గుర్తింపు అవకాశాన్ని ముందుగా అడగాలి. ముద్ర పడలేదన్న కారణాన ఒక్క ముసలి ప్రాణి వట్టి చేతులతో తిరిగిపోకుండా చూడవలసి ఉన్నది.

పింఛనులోనూ తెలుసుకోవలసిన సంగతులు ఉన్నవి. కుటుంబానికి ఒకే వృద్ధాప్య పింఛను కావడంతో ముసలి దంపతులలో ఒకరికే డబ్బు వస్తుంది. పింఛనుదారు అయిన భర్త మరణిస్తే భార్యకు పింఛను వచ్చే ఏర్పాటు 2024 చివరలో జరిగింది. కేంద్రం వాటా మాత్రం 79 ఏళ్లలోపు వారికి 200 రూపాయలు, 80 దాటినవారికి 500 రూపాయలే. మిగిలిన భారమంతా రాష్ట్ర ఖజానాది.

ఆసుపత్రి కార్డు ఉన్నది, బీపీ బిళ్ల లేదు

డెబ్బై ఏళ్లు దాటిన ప్రతివారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల రూపాయల వరకు ఉచిత వైద్యం అందించే ఏర్పాటును కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్ కింద ప్రారంభించింది. గుండె ఆపరేషను, తుంటి ఆపరేషను వంటి ఆపదలలో ఈ కార్డు నిలబెడుతుంది. అయితే ఇది ఆసుపత్రిలో చేరినవారికి ఉపయోగపడే కార్డు. ముసలివారి జేబులు నిత్యం ఖాళీ చేసేవి బీపీ, షుగరు, కీళ్లనొప్పుల బిళ్లలు. ఆ బిళ్లలు మానివేసినందువల్లనే పక్షవాతం వచ్చి ఆసుపత్రికి చేరుతున్నారన్నది ఆలోచించవలసిన విషయం.

మైదాన ప్రాంతంలో 30,000 మందికి, కొండ ప్రాంతంలో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది నియమం. జనాభా లెక్కన ఇది సరిపోయినా, నడవలేనివారి లెక్కన చాలదు. 2010-11లో ప్రారంభమైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక రోజు వృద్ధులకు ప్రత్యేక ఓపీ ఉండాలని, జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు ఉండాలని చెప్పింది. ఆ రోజు ఏ వారమో ఊళ్లో ఎందరికి తెలుసు? ఊరి గోడ మీద రాయించి, ఆ రోజుకు ఒక ఆటో మాట్లాడి పదిమందిని కలిపి పంపితే తలకు పడే ఖర్చు స్వల్పం.

చేతికర్ర, నడిచే చట్రం, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు, కళ్లద్దాలు బీద వృద్ధులకు ఉచితంగా ఇచ్చే వయోశ్రీ పథకాన్ని కేంద్రం 2017 ఏప్రిల్ 1న ప్రారంభించింది మన రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలోనే. శిబిరం పెట్టినపుడు పేర్లు నమోదైతేనే అవి అందుతాయి. శుక్లాలు ముదిరి చూపు పోయినవారు, చెవులు వినబడనివారు ఊరికి ఎందరున్నారన్న జాబితా ముందుగా సిద్ధంగా ఉన్న పంచాయతీకే శిబిరం వల్ల లాభం.

మంచాన పడినవారి సమస్య వేరు. కేరళ ప్రభుత్వం 2008లో ఉపశమన వైద్య విధానాన్ని ప్రకటించి, పంచాయతీల ద్వారా నర్సులను ఇళ్లకు పంపుతున్నది. నర్సు ఇంటికి వచ్చి పుండు కడిగి, గొట్టం మార్చి, ఇంటివారికి ఎలా చూసుకోవాలో నేర్పి వెళుతుంది. ఇక్కడ కూడా ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఊళ్లోనే ఉన్నారు. వారు గర్భిణులకు, చంటిబిడ్డలకు పెట్టినట్టే మంచాన పడిన వృద్ధులకు కూడా ఒక పుస్తకం పెట్టి, తప్పక వెళ్లవలసిన రోజు నిర్ణయించడానికి పెద్ద అడ్డంకి కనిపించదు.

తిండి, తోడు

ఒంటరి ముసలివారు పొద్దుట ఒకసారి వండుకుని దానినే రాత్రికి కూడా సరిపెట్టుకుంటారు. ఒక్క మనిషికి పొయ్యి ముట్టించడం దండగ అన్న భావన ఒకటి, ఓపిక లేకపోవడం మరొకటి. చోడి అంబలి, పచ్చడి మెతుకులతో రోజు గడిచిపోతుంది. పప్పు, గుడ్డు, కూర నోటికి అందవు. బియ్యం ఇంట్లో ఉండి కూడా బలం లేని బతుకు ఇది.

తమిళనాడులో 1982లో విస్తరించిన మధ్యాహ్న భోజన పథకాన్ని 1983లో వృద్ధాప్య పింఛనుదారులకు కూడా వర్తింపజేశారు. ఈ జిల్లాలోనూ ప్రతి ఊరి బడిలో మధ్యాహ్నం పొయ్యి వెలుగుతున్నది. పిల్లల బియ్యం ముట్టుకోమని ఎవరూ అనడం లేదు. ముసలివారి రేషను బియ్యం, పింఛనులో నుంచి వారు ఇష్టపడి ఇచ్చే కొద్ది మొత్తం కలిపి మహిళా సంఘం వేరుగా ఒక పూట వండిపెడితే కడుపు నిండుతుంది. నలుగురు కలిసి తిన్నపుడు ఒంటరితనం కూడా పోతుంది. ఒకరు రాకపోతే ఏమైందని ఇంటికి వెళ్లి చూసేవారు ఉంటారు. రాత్రి పోయిన ప్రాణం సంగతి మర్నాడు సాయంత్రం దాకా తెలియని దుస్థితి అటువంటి ఊరికి రాదు.

అక్టోబరు నెల ఈ జిల్లాకు తుపానుల నెల. 2013లో ఫైలిన్, 2014లో హుద్ హుద్, 2018లో తిత్లీ ఈ నెలలోనే వచ్చాయి. హెచ్చరిక రాగానే పడుచువారు పిల్లలను ఎత్తుకుని తుపాను భవనానికి నడుస్తారు. నడవలేనివారిని ఎవరు మోయాలి, ఏ ఇంట్లో ఎవరు ఉన్నారు అన్నది ఆ రాత్రి వెదుక్కోవలసిన సంగతి కాదు. పేరు, ఇల్లు, మోసుకెళ్లే ఇద్దరు మనుషులు ముందే కాగితం మీద ఉండాలి.

భూమి రాసేముందు ఒక్క వాక్యం

వృద్ధుల బతుకులో ఊరితోపాటు ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది. ఉన్న ఎకరం, ఇల్లు కొడుకు పేర రాసిచ్చి తరువాత అతని గడప ముందు కూర్చున్న తల్లిదండ్రుల కథలు ప్రతి మండలంలోనూ వినబడుతున్నవి. దీనికి మందుగా పార్లమెంటు 2007లో తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ-సంక్షేమ చట్టాన్ని చేసింది. 60 ఏళ్లు దాటి తమను తాము పోషించుకోలేనివారు ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రైబ్యునలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ జిల్లాలో శ్రీకాకుళం, టెక్కలి, పలాస రెవెన్యూ డివిజన్లు ఉన్నవి. వకీలు అవసరం లేదు. కొడుకులతో సమానంగా కూతుళ్లకు, మేజరైన మనుమలకు కూడా బాధ్యత ఉన్నది. నోటీసు అందిన తరువాత 90 రోజులలో తేల్చాలని చట్టం నిర్దేశించింది. నెలకు 10,000 రూపాయలకు మించకుండా మనోవర్తి నిర్ణయించవచ్చు. వృద్ధులను వదిలివేసినవారికి మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఆస్తి విషయంలో 23వ సెక్షను ముఖ్యమైనది. తనను పోషించాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవారు ఆ షరతు తప్పితే ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. అయితే ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో స్పష్టం చేసింది. 2025 జనవరి 2న ఇచ్చిన మరొక తీర్పులో తల్లి ఇచ్చిన దానాన్ని రద్దు చేస్తూ, ఆస్తిని తిరిగి వృద్ధుల స్వాధీనం చేయించే అధికారం ట్రైబ్యునలుకు ఉన్నదని చెప్పింది. ఈ రెండు తీర్పులనుంచి గ్రామస్తులు నేర్చుకోవలసిన పాఠం ఒక్కటే. దాన సెటిల్మెంటు దస్తావేజు రాయించేటప్పుడు "బతికి ఉన్నంతకాలం తిండి, గుడ్డ, నీడ, వైద్యం చూడవలెను" అన్న వాక్యం తప్పక రాయించాలి. కన్నబిడ్డ దగ్గర షరతులేమిటని మొహమాటపడినవారే తరువాత కచేరీ మెట్లు ఎక్కుతున్నారు. మంచి కొడుక్కు ఆ వాక్యం వల్ల నష్టమేమీ లేదు.

చెప్పుకోవడానికి దిక్కులేనివారు 14567 నెంబరుకు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉచితంగా ఫోను చేయవచ్చు. వృద్ధుల కోసం దేశమంతటా పనిచేసే ఈ ఫోను సర్వీసు 2021 అక్టోబరు 1న ప్రారంభమైంది.

ఎవరి బాధ్యత?

ముసలివారిని చూడడం కన్నబిడ్డల ధర్మం, పంచాయతీకి ఏమి సంబంధం అని కొందరు వాదించవచ్చు. బిడ్డల ధర్మం బిడ్డలదే. కాని చెన్నైలో కాంక్రీటు మోస్తున్న కొడుకు ఎంత మంచివాడైనా ఊళ్లో కాలువకు మూత వేయలేడు, బస్సు ఆపలేడు, తుపాను రాత్రి తల్లిని మోయలేడు. ఆ పనులు ఊరివి. పైగా అతను పంపే డబ్బుతోనే ఊళ్లో సగం డాబాలు లేచిన సంగతి మరువరాదు.

పంచాయతీకి డబ్బు లేదన్నది రెండవ వాదన. ఇందులో కొంత నిజం ఉన్నది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించాలన్న నిబంధన పెట్టింది. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు వదిలింది. కాలువలకు మూతలు, కుళాయిలు, మరుగుదొడ్ల మరమ్మతు పారిశుద్ధ్యం, తాగునీటి కిందికే వస్తాయి. అంటే ముసలివారికి కావలసిన పనులలో సగం నిబంధనలు అనుమతించినవే. ఏటా తయారుచేసే గ్రామపంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో వాటిని ఎవరో ఒకరు రాయించాలి. గ్రామసభకు ముసలివారు రాలేరు, వచ్చినా మైకు దొరకదు. కాంట్రాక్టు పని ఉన్నవారు ముందు వరుసలో కూర్చుంటారు. అందువల్ల ప్రణాళికలోకి మొదట ఎక్కేది ఎప్పుడూ కొత్త రోడ్డే అవుతున్నది.

ఆచరణకు తేలికైన మార్గం ఒకటి ఉన్నది. గ్రామసభకు వారం రోజుల ముందు సర్పంచి, వార్డు సభ్యులు, ఏఎన్ఎం, మహిళా సంఘం నాయకురాలు కలిసి ఊళ్లోని ఇద్దరు ముగ్గురు ముసలివారి వెంట వారి నడక వేగంతోనే ఊరంతా ఒకసారి తిరగాలి. ఇంటినుంచి కుళాయికి, దుకాణానికి, గుడికి, బస్సు స్టాపుకు, ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. ఎక్కడ ఆగారు, ఎక్కడ గోడ పట్టుకున్నారు, ఎక్కడ వెనక్కి తిరిగారు అన్నది రాసుకోవాలి. ఆ కాగితమే ఊరికి మార్కుల పట్టిక. అందులోని మొదటి అయిదు పనులను ఆ ఏటి ప్రణాళికలో చేర్చి, మరుసటి ఏడు మళ్లీ అదే దారిన నడిచి చూడాలి.

అక్టోబరు 1 అంతర్జాతీయ వృద్ధుల దినం. ఐక్యరాజ్యసమితి తీర్మానం మేరకు 1991 నుంచి జరుగుతున్నది. ఆ రోజు జిల్లా కేంద్రంలో పదిమందికి శాలువలు కప్పి ఫొటో తీయించడం ఆనవాయితీ. శాలువ కప్పించుకోవడానికి ఆ పదిమంది ఎంత దూరం నడిచి, ఎన్ని ఆటోలు మారి వచ్చారో ఈసారి అధికారులు అడిగి తెలుసుకుంటే, ఎక్కడ పని మొదలుపెట్టాలో వారికే బోధపడుతుంది.